తక్కావి అప్పు, పశునష్ట సహాయము

కరవునకో తుపానునకో పశువు పోయిన, ప్రభుత్వమేమి చేయవలెను? 1884 నాటి వ్యవసాయదారుల ఋణముల చట్టము విత్తనములు, పశువులు కొనుటకు అప్పిచ్చినది. మదరాసు రాజధానిలో, విశాఖపట్టణపు పల్లెలలో అదియే తక్కావి. కాని అది సాగుభూమి గలవారికే, అదియు తీర్చవలసిన అప్పే. ఒక్క గేదెయే ఆస్తియైన నిరుపేదకు అందు చోటు లేదు.

2014 అక్టోబరు 12న విశాఖను హుద్‌హుద్ తుపాను తాకునాటికి తీరు మారినది. విపత్తు నిధినుండి వచ్చునది అప్పు గాదు, సహాయము. భూమిని గాక పశువును చూచి యిత్తురు. 2022–26 నియమములలో పాడి ఆవునకు, గేదెకు 37,500 రూపాయలు, ఇంటికి మూడింటివరకే.

అయినను నష్టమును అధికారి ధ్రువపరుపవలెను. వరదలో కొట్టుకొనిపోయిన గేదెకు సాక్ష్యమేది? చెవిబిళ్ల మీది పన్నెండంకెల సంఖ్యను ముందే వ్రాసి యుంచుకొందము.