వెలుగు మారే చుక్క – రఘునాథాచారి



నిన్న రాత్రి అమలాపురంలో కరెంటు పోతే హాస్టల్ డాబా ఎక్కాం. "చుక్కలు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి కదన్నా" అన్నాడో తమ్ముడు. ఉండవు.

1596లో ఫాబ్రీసియస్ అనే ఆయన ఒక చుక్క కొన్నాళ్లు కనబడి మాయమవడం చూశాడు. తర్వాత దానికి మైరా అని పేరు పెట్టారు. అది ముసలి చుక్క. ఉబ్బుతూ, కుంచించుకుంటూ ఉంటుంది. అందుకే సుమారు 11 నెలలకోసారి బాగా వెలిగి మళ్లీ మసకబారుతుంది.

మన గోదావరి జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, మద్రాసు అబ్జర్వేటరీలో చింతామణి రఘునాథాచారి సహాయకుడిగా పనిచేసేవారు. పంచాంగాలు కట్టే కుటుంబం. 1867లో ఆయన ఆర్ రెటిక్యులి అనే చుక్క వెలుగు మారుతోందని కనిపెట్టారు. అదీ మైరా రకమే, సుమారు 278 రోజులకోసారి. 1872లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ని ఫెలోగా తీసుకుంది.

ఇలాంటి చుక్కని పట్టాలంటే పక్క చుక్కలతో పోల్చి చూడాలి, తేదీ వేసి రాసిపెట్టాలి. మా తాత కూడా చుక్కల్ని చూసి వేళ చెప్పేవాడు. కానీ రాయడం రాదు. తాతతోనే అదంతా పోయింది. ఆచారి గారు చూసింది మాత్రం కాగితం మీద మిగిలింది.

ఈ సెలవులకి ఇంటికెళ్లినప్పుడు మీ పెద్దోళ్లు చుక్కల్ని ఏమని పిలుస్తారో అడిగి రాసుకోండి. ఇక్కడ పెట్టండి.