కంప్రెషన్ పరీక్ష: చిన్న అవుట్‌బోర్డ్ రేసింగ్ ఇంజిన్లు

పిస్టన్ పైకి వచ్చేటప్పుడు సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి చేరుతోందో గేజీతో కొలవడమే కంప్రెషన్ పరీక్ష. పడవ వెనుక బిగించే అవుట్‌బోర్డ్ ఇంజిన్లలో, ముఖ్యంగా 250, 400 సీసీ తరగతుల టూ స్ట్రోక్ రేసింగ్ ఇంజిన్లలో, రింగులు, బోరు, హెడ్ గాస్కెట్ ఎలా ఉన్నాయో ఇంజిన్ విప్పకుండా చెప్పే మొదటి పరీక్ష ఇది. ఈ జాతిలోని పెద్ద ఇంజిన్లు తెలుగు నేలకు 2018 నవంబరులో వచ్చాయి. విజయవాడ దగ్గర కృష్ణానదిలో జరిగిన ఎఫ్‌1హెచ్‌2ఓ పోటీల్లో పడవలను పరుగెత్తించినవి 2.5 లీటర్ల వి6 టూ స్ట్రోక్‌లు. హైదరాబాదులో ఈ విద్య మోటార్‌సైకిల్ మెకానిక్‌ల చేతుల్లో ఉంది. 1985 నుంచి 1996 దాకా తయారైన 98 సీసీ యమహా ఆర్‌ఎక్స్ 100 బండ్లను నేటికీ ప్రేమగా నడుపుకునేవాళ్లు నాంపల్లి, గోషామహల్ వైపు స్పేర్‌పార్టుల కోసం తిరుగుతుంటారు. రీడ్ వాల్వుతో ఊపిరి పీల్చే ఆ ఇంజిన్‌కూ చిన్న అవుట్‌బోర్డ్‌కూ లోపలి పని దాదాపు ఒకటే, పరీక్షించే తీరూ ఒకటే.

ముందు ఇంజిన్‌ను వేడి చేయాలి. అవుట్‌బోర్డ్‌ను నీళ్లు లేకుండా నడిపితే పంపులోని రబ్బరు ఇంపెల్లర్ కాలిపోతుంది కాబట్టి డ్రమ్ములోనో తొట్టిలోనో ముంచి నడపాలి. ఆపాక అన్ని ప్లగ్గులూ తీసి, ప్లగ్ వైర్లను ఇంజిన్ బాడీకి ఎర్త్ చేయాలి. ఇది మరిచిపోతే పెట్రోలు ఆవిరి అంటుకోవచ్చు, స్పార్కు పుట్టించే సీడీఐ యూనిట్ కూడా పాడవవచ్చు. థ్రాటిల్ పూర్తిగా తెరిచి, చోక్ తీసేసి, గేజీని ప్లగ్ రంధ్రంలో బిగించి, ముల్లు ఇక కదలదు అనేదాకా స్టార్టర్ తాడు లాగాలి. ఆరోగ్యంగా ఉన్న సిలిండర్‌లో ముల్లు మొదటి లాగుడుకే బాగా ఎగబాకుతుంది. కొంచెం కొంచెంగా ఎక్కుతుంటే రింగుల మీద అనుమానపడాలి. అన్ని సిలిండర్లకూ ఒకే ఊపుతో, అన్నేసి సార్లే లాగాలి.

చిన్న ఇంజిన్లలో గేజీయే మోసం చేయగలదు. 100 సీసీ సిలిండర్ మీద 10 సీసీ దహన గది ఉందనుకుందాం: నిష్పత్తి 110కి 10, అంటే 11. గేజీ గొట్టంలో చెక్ వాల్వు ప్లగ్ కొన దగ్గర కాకుండా దూరంగా ఉండి, మధ్యలో 3 సీసీ ఖాళీ మిగిలితే లెక్క 113కి 13, అంటే 8.7కు పడిపోతుంది. కార్లకు వాడే పొడుగు గొట్టం గేజీతో కొలిచి, బాగున్న ఇంజిన్‌కు బోరింగ్ చేయించడం ఇలాగే జరుగుతుంది.

మామూలు చిన్న అవుట్‌బోర్డ్‌లలో ఎక్కువగా 100 నుంచి 150 పీఎస్ఐ మధ్య కనిపిస్తుంది. రేసింగ్ ఇంజిన్ అంతకంటే తక్కువ చూపించినా అది జబ్బు కాకపోవచ్చు. ఎక్కువ ఆర్‌పీఎంల కోసం ఎగ్జాస్ట్ పోర్టును పైకి కోసి ఉంటారు. పిస్టన్ ఆ పోర్టును మూసేదాకా గాలి బయటికే పోతుంది. పరుగులో ఉన్నప్పుడు ఎగ్జాస్ట్ పైపులోని ఒత్తిడి అల ఆ గాలిని వెనక్కి నెడుతుంది. తాడు లాగే వేగంలో ఆ సాయం ఉండదు. అందుకే వేరే ఇంజిన్ అంకెతో పోల్చడం దండగ. అదే ఇంజిన్ కొత్త రింగులతో ఉన్నప్పటి అంకెను రాసిపెట్టుకుని దానితో పోల్చాలి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటుతోందా అని చూడాలి. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా పడిపోతే మధ్యలో హెడ్ గాస్కెట్ కాలిందేమో చూడాలి. ఊరి ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, గాలి ఒత్తిడి తీరం కంటే 6 శాతం దాకా తక్కువ. కాకినాడలో 120 చూపిన ఇంజిన్ ఇక్కడ 113 దగ్గర ఆగుతుంది.

అంకె నిజంగా తక్కువైతే ప్లగ్ రంధ్రం గుండా కొద్దిగా నూనె పోసి మళ్లీ కొలుస్తారు. పెరిగితే రింగులో బోరో అరిగినట్టు. పెరగకపోతే గాస్కెట్, హెడ్ వైపు వెతకాలి. నూనె ఎక్కువ పోస్తే దహన గది నిండి అంకె ఉత్తినే పెరుగుతుంది.

బోరు కచ్చితంగా గుండ్రంగా లేకపోతే రింగు అంచులు మూసుకోవు. ఈ గుండ్రదనం కథ ఫిరంగులతో మొదలైంది. 1774లో ఇంగ్లండులో జాన్ విల్కిన్సన్ ఫిరంగి గొట్టాలను తొలిచే యంత్రానికి పేటెంటు పొందాడు. జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి సరైన సిలిండర్ దొరికింది ఆయన దగ్గరే. కొన్నేళ్లకు, 1786లో, ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం సైన్యానికి ఫిరంగులు పోసిన కార్ఖానా హైదరాబాదులో అబిడ్స్ పక్కన వెలిసింది. గన్‌ఫౌండ్రీ పేటకు ఆ పేరు అలా వచ్చింది. నేడు లేత్ షాపులో బోర్ గేజీతో నిలువుగా, అడ్డంగా కొలిచి, కోలగా అరిగి ఉంటే 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్ పిస్టన్‌కు సరిపడా బోరింగ్ చేస్తారు.

కంప్రెషన్ గేజీకి క్రాంక్‌కేసు కనిపించదు. టూ స్ట్రోక్‌లో పెట్రోలు మిశ్రమం ముందు అక్కడే చేరి, అక్కడి నుంచే పైకి వెళుతుంది. క్రాంక్ సీలు కారుతున్నా గేజీ మంచి అంకె చూపిస్తుంది. దీనికి విడి పరీక్ష ఉంది: ఇన్‌టేక్‌నూ ఎగ్జాస్ట్‌నూ రబ్బరు బిళ్లలతో మూసి, 6, 7 పీఎస్ఐ గాలి పంపి, కొన్ని నిమిషాలు ముల్లు దిగకుండా ఉంటుందా అని చూస్తారు. దిగితే సబ్బునీళ్లు రాసి బుడగలు ఎక్కడ వస్తున్నాయో వెతుకుతారు. ఆ సందులోంచి గాలి దూరితే మిశ్రమం పలుచబడుతుంది. ఇంజిన్ ఆయిల్ కూడా పెట్రోల్లోనే కలిసి వస్తుంది కాబట్టి ఫుల్ థ్రాటిల్‌లో పిస్టన్ వేడెక్కి బోరులోనే పట్టేస్తుంది.