టార్‌క్రాస్ ఒడ్డున షెర్మన్ ట్యాంకు

మేముండే టార్‌క్రాస్ ఇంగ్లండ్‌లో డెవన్ తీరాన చిన్న పల్లె. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క స్లాప్టన్ లే అనే మంచినీటి చెరువు. రెంటికీ నడుమ గులకరాళ్ల దిబ్బ మీద రోడ్డు. గుంటూరు నుంచి వచ్చిన మా నాన్న చూడగానే, "అచ్చం చెరువు కట్టలా ఉందే అమ్మా" అన్నారు. ఆ కట్ట చివర, కార్లు నిలిపేచోట, నల్లరంగు పూసిన షెర్మన్ ట్యాంకు ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1943 చివర్లో ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ ఖాళీ చేయించారు. దాదాపు 3,000 మంది క్రిస్మస్ లోపే పశువుల్ని తోలుకుని, సామాను సర్దుకుని వెళ్లిపోయారు. నార్మండీలో అమెరికన్ సేనలు దిగబోయే యూటా బీచ్‌కి మా ఒడ్డుతో పోలిక ఉంది. అందుకే రిహార్సల్స్‌కి దీన్ని ఎంచుకున్నారు.

1944 ఏప్రిల్ 28 తెల్లవారుజామున ఆ రిహార్సల్‌కే వస్తున్న ఓడల మీద జర్మన్ టార్పెడో బోట్లు విరుచుకుపడ్డాయి. రెండు ఓడలు మునిగాయి. 749 మంది పోయారని లెక్క. లైఫ్‌బెల్టు చంకల కింద కట్టుకోవాలని ఆ కుర్రాళ్లకి ఎవరూ సరిగా నేర్పలేదు. నడుముకి కట్టుకున్నవాళ్లు వీపున మూటల బరువుకి తలకిందులైపోయారు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. సంగతి బయటికి పొక్కకూడదని బతికినవాళ్లకి ఆజ్ఞ. 1954లో అమెరికా సైన్యం ఇళ్లు వదిలిన ఊరివాళ్లకి కృతజ్ఞతగా ఒడ్డున రాతి స్తంభం నిలిపింది. ఆ రాత్రి చనిపోయినవాళ్ల మాట దాని మీద లేదు.

ఆ లోటు తీర్చింది ఇక్కడ గెస్ట్‌హౌస్ నడిపిన కెన్ స్మాల్. ఒడ్డున నడుస్తుంటే ఆయనకి తూటాలు, సైనికుల గుండీలు దొరికేవి. నీళ్ల అడుగున ఏదో పెద్ద వస్తువుందని జాలరులు చెప్పారు. చూస్తే, అరవై అడుగుల లోతున, శిక్షణలో మునిగిన ట్యాంకు! నీళ్లమీద తేలుతూ వచ్చేందుకు గుడ్డ తెర, ప్రొపెల్లర్లు అమర్చిన రకం అది. 1974లో అమెరికా ప్రభుత్వం నుంచి 50 డాలర్లకి కొన్నారు. బయటికి తీయడానికి మాత్రం పదేళ్లు పట్టింది. 1984 మేలో గాని అది ఒడ్డెక్కలేదు. ఇప్పుడు కట్ట చివర, ఆ రాత్రి పోయినవాళ్లకి గుర్తుగా నిలబడ్డది అదే.

నలభై ఏళ్లు ఉప్పు తాగిన ఇనుము గాలి తగిలితే పొరలు పొరలుగా రాలిపోతుంది. అందుకే ఆ నల్లటి పూత. కొత్తదానిలా మెరుగులు దిద్దకపోవడమే మంచిదైంది. సముద్రం తిన్న గుంటలు వేలికి తగులుతాయి.

నాన్న చెప్పులు పక్కన విడిచి దగ్గరికెళ్లారు. ఎవరో పెట్టిన ఎర్ర పాపీ పూల దండని తొక్కకుండా వంగి, ఇనుప పట్టా మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉండిపోయారు.

"వెచ్చగా ఉందమ్మా" అన్నారు.