ఉసిరి నీడన చాపకూడు

కార్తీక మాసం ఆదివారం పొద్దున్నే ముప్పాళ్ళలో ట్రాక్టరు ట్రక్కులోకి గుండిగలు, గరిటెలు, విస్తరాకుల కట్టలు, వాటి మీద పిల్లలు ఎక్కారంటే ఎక్కడికని ఎవరూ అడగరు. వనభోజనాలకే, అయితే కోటప్పకొండ, కాకుంటే నాగార్జునసాగర్. పత్తి తీతల రోజులే అయినా ఆ పూటకి చేను ఆగుతుంది.

పిక్నిక్ అనే మాట ఇంగ్లీషు చదువులతో వచ్చింది గానీ పని పాతదే. ఉసిరిచెట్టు కింద భోంచేస్తే పుణ్యమని కార్తీక పురాణం చెప్పింది. జనం పుణ్యంతో పాటు సరదా కూడా చూసుకున్నారు. వానలు వెనకబట్టి, చలి ఇంకా ముదరని రోజులవి. గాడిపొయ్యి తవ్వి పప్పు, పులిహోర వండుకుని గోంగూర పచ్చడితో ఆరుబయట తినడానికి పల్నాడులో ఇంతకన్నా మంచి అదను దొరకదు. (మన మే నెల ఎండలో ఎవరైనా వనభోజనం పెడితే చెప్పండి, చూసొస్తాను.)

సాగర్ ఆనకట్ట వచ్చాక సరదా దూరం పెరిగింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి జలాశయంలో మునిగింది, తవ్వకాల్లో బయటపడ్డ శిల్పాలు నాగార్జునకొండ మీదికి చేరాయి, కొండ కాస్తా దీవి అయింది. విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండకు పోవడం బడిపిల్లల విహారయాత్రల్లో తప్పని మజిలీ. ఆ పక్కనే ఎత్తిపోతల. చంద్రవంక డెబ్బై అడుగుల పైనుంచి దూకుతుంటే అన్నం మీద ధ్యాస ఎవరికుంటుంది?

ఇక మొహమాటం లేకుండా ఒక మాట. ఇప్పుడు కార్తీకం వస్తే ఏ కులానికా కులం వనభోజనాల ఫ్లెక్సీలు కడుతోంది. తోట ఒకటే, పొయ్యిలు వేరు. ఇది ఎక్కడ జరిగినా చిన్నతనమే, పల్నాడులో మరీ చిన్నతనం. పన్నెండో శతాబ్దంలో పల్నాటి మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని చెప్పుకునే నేల ఇది. మాల కన్నమదాసును సేనానిని చేశాడని వీరగాథ పాడుకునే నేల కూడా.

ఆ పంక్తి ఇంకా లేచిపోలేదు. కారంపూడిలో నాగులేటి ఒడ్డున ఏటా అయిదు రోజుల పల్నాటి వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం అనే ఘట్టాలు అయ్యాక మందపోరు నాడు చాపకూడు పెడతారు. వనభోజనాలకు కట్టిన ట్రాక్టరును ఈ ఏడు అటు కూడా ఒకసారి తోలండి. కార్తీక అమావాస్య నుంచి లెక్కపెట్టుకోండి, మూడో రోజు.