మదనపల్లె దొరసాని రాసిన స్వరాలు

మా పుట్టిల్లు పుంగనూరు, మెట్టినిల్లు కుప్పం. రెండూ మన చిత్తూరు సీమలోవే. అయినా కొత్త కోడలిగా కుప్పంలో అడుగు పెట్టినప్పుడు పరదేశం వచ్చినట్లే అనిపించింది. అటు తమిళం, ఇటు కన్నడం, మధ్యలో మా అత్తయ్యగారి తెలుగు! కూరగాయల బేరం ఒక భాషలో మొదలై మరో భాషలో కుదిరేది.

ఈమధ్య ఒక శుభకార్యానికి అత్తయ్యగారితో పుంగనూరు వెళ్లాను. మాటల్లో జాతీయగీతం ప్రసక్తి వచ్చింది. "ఆ పాటకు వరస కట్టింది మన మదనపల్లె దొరసానే కదమ్మీ!" అంది మా పెద్దమ్మ గర్వంగా. అత్తయ్యగారు ఊరుకుంటారా? "అదెట్లా వదినా? పాటా ఠాగూరుదే, వరసా ఆయనదే" అన్నారు. వియ్యపురాళ్ల వాదం, మధ్యలో నేనేం మాట్లాడను? ఇంటికొచ్చాక పుస్తకాలు తిరగేశాను. ఇద్దరి మాటా సగం సగం నిజమని తేలింది.

ఆ దొరసాని పేరు మార్గరెట్ కజిన్స్. పేరుకు దొరసానే గాని ఇంగ్లండు మనిషి కాదు, ఐర్లండు ఆడపడుచు. 1878లో పుట్టింది. సంగీతంలో పట్టం పుచ్చుకుంది. ఆడవాళ్లకు ఓటు కావాలని లండన్ వెళ్లి ప్రధానమంత్రి ఇంటి కిటికీ అద్దాల మీద రాళ్లు రువ్వి, 1910లో జైలుకు పోయింది. 1913లో సొంత దేశంలోనూ అదే నేరం, అదే శిక్ష! పియానో వాయించే చేతులే రాళ్లూ విసిరాయన్న మాట.

1915లో భర్త జేమ్స్ కజిన్స్‌తో కలిసి మన దేశం వచ్చింది. ఆయన కవి. అనిబీసెంట్ పత్రికలో పనిచేసేవాడు. 1916లో ఐర్లండులో తిరుగుబాటు జరిగితే, ఆ వీరులను మెచ్చుకుంటూ రాసినందుకు ఆ ఉద్యోగం పోయింది. అలా మదనపల్లెకు, అనిబీసెంట్ 1915లో స్థాపించిన కళాశాలకు చేరారు. తమ దేశాన్నేలే తెల్లదొరతనమే ఇక్కడా ఏలుతోంది. ఇక్కడి వాళ్ల బాధ వాళ్లకు ఒకరు విడమరచి చెప్పవలసిన అవసరం ఏముంది?

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు దక్షిణదేశ పర్యటనలో అలసిపోయి, నాలుగు రోజులు విశ్రాంతికని మదనపల్లె వచ్చారు. కళాశాలలో పిల్లలు చేరి పాటలు పాడుకునే సాయంత్రం వేళ ఆయనా ఒక పాట పాడారు. అదే జనగణమన. పల్లవిలోని జయధ్వానం వచ్చేసరికి పిల్లలూ గొంతు కలిపారు. బెంగాలీ రాకపోతేనేం? సంస్కృత పదాలు మన చెవికి చుట్టాలే కదా!

ఆ పాట అప్పటికే పుట్టి ఏడేళ్లు దాటింది. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలోనే పాడారు. కాబట్టి అత్తయ్యగారి మాటే నిజం, వరస ఠాగూరుదే. మరి మార్గరెట్ చేసిందేమిటి? కవిగారి చేత పాడించుకుని, ఆ వరసను పాశ్చాత్య పద్ధతిలో స్వరాలుగా కాగితం మీద పెట్టింది. ఒక్కొక్క మాటకూ అర్థం అడిగి తెలుసుకుంది. ఠాగూరు అక్కడే పాటను ఇంగ్లీషులోకి మార్చి, 'ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా' అని పేరు పెట్టి, స్వదస్తూరీతో రాసి ఇచ్చారు. తేదీ ఫిబ్రవరి 28.

"ఓస్, రాసుకోవడమేనా!" అనకండి. మన ఇళ్లలో అమ్మలు, పిన్నులు నోటుపుస్తకాల్లో స్వరాలు రాసి దాచకపోతే ఎన్ని కీర్తనలు మనదాకా వచ్చేవి? పైగా మన గమకాలు వాళ్ల గీతల మీద ఒక పట్టాన నిలవవు. ఈ పాట సులువుగా నిలిచింది. మన శంకరాభరణం స్వరాలూ, వాళ్ల 'మేజర్' స్వరాలూ ఒకటే. ముత్తుస్వామి దీక్షితులవారు బ్యాండు వరసలకు సంస్కృతంలో నొట్టుస్వరాలు కట్టింది కూడా శంకరాభరణంలోనే. దీక్షితులు వాళ్ల వరస మనం పాడుకునేలా చేస్తే, మార్గరెట్ మన వరస వాళ్లు వాయించుకునేలా చేసింది. తూర్పు, పడమర సంగీతాలను గురించి 1935లో ఒక పుస్తకం కూడా రాసింది.

అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసింది మరొకటి. దేశాభిమానం దురభిమానంగా మారితే ఎంత చేటో 1917లోనే పుస్తకం రాసి హెచ్చరించినవాడు ఠాగూరు. అటువంటి కవి పాటను, మరో దేశాన్ని ప్రాణంగా ప్రేమించిన స్త్రీ శ్రద్ధగా రాసి పెట్టింది. తన దేశం మీది ప్రేమ ఆమెకు మన పాట వినడానికి అడ్డు రాలేదు. విన్నది గనకనే మన కష్టంలోనూ నిలబడింది. 1917లో మద్రాసులో మాంటేగు దొర వద్దకు సరోజినీ నాయుడు నాయకత్వాన వెళ్లి ఓటు హక్కు అడిగిన స్త్రీల వెనుక మార్గరెట్ ఉంది. 1921లో మద్రాసు రాష్ట్రంలో స్త్రీలకు ఆ హక్కు వచ్చింది. 1932లో, ప్రభుత్వ అణచివేత చట్టాలను ఎదిరించి మాట్లాడినందుకు, వేలూరు జైలుకు వెళ్లింది. మూడు దేశాల జైళ్లు చూసిన మనిషి!

జనగణమనే జాతీయగీతం కావాలని జేమ్స్ 1937లోనే పత్రికకు రాశారు. 1950 జనవరి 24న అది జాతీయగీతమైంది. ఆ రోజుకు భార్యాభర్తలిద్దరూ బతికే ఉన్నారు. పక్షవాతంతో మంచాన పడిన మార్గరెట్ 1954లో అడయారులో కన్నుమూసింది. జేమ్స్ 1956లో మదనపల్లెలోనే పోయారు.

ఇదంతా పెద్దమ్మకు ఫోనులో చెప్పాను. వరస మనూరిది కాదంటే చిన్నబుచ్చుకుంటుందేమోనని జంకుతూనే చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "పోనీలేమ్మీ, పాట పుట్టింది బెంగాల్లోనే. కానీ వచ్చిన ఆడబిడ్డను వట్టి చేతుల్తో పంపలేదుగా మన ఊరు!" అంది.

అత్తయ్యగారు కూడా ఈ మాటకు అడ్డు చెప్పలేదు.