తోలుపట్టీ మీద లేని పేరు

నా చిన్నతనంలో మా ఊరి దర్జీ కుట్టిన ప్రతి చొక్కాకూ కాలరు లోపల ఒక చిన్న గుడ్డముక్క ఉండేది. దానిమీద ఎఱ్ఱటి అక్షరాలతో ఆయన దుకాణం పేరు. చొక్కా పాతబడి, చిరిగి, చివరకు ఇంట్లో మసిగుడ్డగా మారిన తరువాత కూడా ఆ పేరు చెక్కుచెదరక కనిపించేది. కుట్టినవాడి పేరే బట్టమీద ఉండటం లోకసహజమని అప్పట్లో అనుకునేవాడిని. అది అంత సహజమేమీ కాదని ఒక పంట్లాము చరిత్ర చదివినప్పుడు తెలిసింది.

నేను చెబుతున్నది జీన్స్ పంట్లాము సంగతి. వెనుకవైపు నడుముపట్టీకి కుట్టిన ముక్కమీద, ఒక పంట్లామును చెరొకవైపు లాగుతున్న రెండు గుఱ్ఱాల బొమ్మ, లీవై స్ట్రాస్ అనే పేరు చాలామంది చూసే ఉంటారు. ఆ పెద్దమనిషి కథ కూడా వినే ఉంటారు. కాలిఫోర్నియా బంగారు గనుల దగ్గర గుడారాల గుడ్డ అమ్మబోయి, కొనేవారు లేక, దానితోనే గనికూలీలకు పంట్లాములు కుట్టించాడని ఆ కథ. వినడానికి బాగానే ఉంటుంది కాని చరిత్ర మాత్రం కాదు. 1829లో బవేరియాలోని బుట్టెన్‌హైమ్‌లో పుట్టిన స్ట్రాస్, 1853లో శాన్ ఫ్రాన్సిస్కో చేరి బట్టలు, దుప్పట్లు వంటి సరుకుల టోకు వ్యాపారం చేశాడు. ఆయన దర్జీ కాడు. గుడారాలు కుట్టిన చేతులు వేరొకరివి.

ఆ చేతులు జేకబ్ డేవిస్‌వి. 1831లో, నాడు రష్యా సామ్రాజ్యంలో భాగమైన రీగా నగరంలో, ఒక యూదు కుటుంబంలో జేకబ్ యూఫెస్ అనే పేరుతో పుట్టాడు. 1854లో అమెరికా చేరి ఇంటిపేరు మార్చుకున్నాడు. ఊళ్ళు మారి, పనులు మారి, చివరకు నెవాడా రాష్ట్రంలోని రీనోలో స్థిరపడ్డాడు. 1868లో రైలుమార్గంతో పాటే పుట్టిన ఊరది. అక్కడి జనానికి గుడారాలు, బండ్లపై కప్పే గుడ్డలు, గుఱ్ఱాల దుప్పట్లు కుట్టి ఇచ్చేవాడు. వాటికి కావలసిన మందపు నూలుబట్టను తెప్పించుకున్నది స్ట్రాస్ కంపెనీ నుండే.

1870-71 చలికాలంలో ఒకామె దుకాణానికి వచ్చింది. భర్త కూలిమనిషి, భారీకాయుడు. ఎన్ని పంట్లాములు కొన్నా పిగిలిపోతున్నాయి, ఈసారి గట్టిగా కుట్టిపెట్టమని అడిగింది. భర్త స్వయంగా వచ్చే స్థితిలో లేనందున కొలతలు దారంతో తీసి తెచ్చింది. ముందుగా మూడు డాలర్లు పుచ్చుకుని డేవిస్ పని మొదలుపెట్టాడు. గుఱ్ఱాల దుప్పట్లకు పట్టీలు బిగించే రాగి రివెట్లు బల్లమీద పడి ఉన్నాయి. వాటిని జేబుల మూలలలో దిగగొట్టాడు.

చేసినది ఇంతే. కాని ఇందులో ఉన్న తెలివి గమనించదగినది. పనివాడు జేబులో పనిముట్లో రాళ్ళో వేసుకుంటే ఆ బరువంతా జేబు మూలలోని చివరి కుట్టుమీద పడుతుంది. ఆ ఒక్క పోగు తెగిందంటే మిగిలిన కుట్టంతా వరుసగా విడిపోతుంది. రివెట్టు బట్ట పొరలన్నిటినీ కలిపి బిగించి, ఆ లాగుడు దారం మీద పడకుండా తాను భరిస్తుంది.

పంట్లాముల మాట ఆనోటా ఆనోటా పాకింది, గిరాకీ పెరిగింది. ఇతరులు అనుకరించకముందే పేటెంటు తీసుకోవాలనుకున్నాడు డేవిస్. అయితే అంతకుముందు వేరే పేటెంట్ల కోసం డబ్బు పోగొట్టుకున్న మనిషి. ఇక చాలునని భార్య అడ్డుచెప్పింది. అందుచేత 1872లో స్ట్రాస్ కంపెనీకి ఒక ఉత్తరం వ్రాసి, నమూనాగా రెండు పంట్లాములు జతచేశాడు. పేటెంటుకు అయ్యే 68 డాలర్లు మీరు పెట్టుకుంటే హక్కులో సగం మీదే అన్నాడు. అక్షరదోషాలతో నిండిన ఉత్తరం. వ్యాపారి దోషాలను చూడలేదు, విషయం చూశాడు. రివెట్లు కొత్తవి కావనీ, సైనికుల బూట్లలో అప్పటికే ఉన్నాయనీ పేటెంటు కార్యాలయం మొదట త్రోసిపుచ్చింది. దరఖాస్తును సవరించి మళ్ళీ పంపగా, 1873 మే 20న 139,121వ సంఖ్యతో పేటెంటు మంజూరైంది. అందులో ఆవిష్కర్తగా ఉన్నది డేవిస్ పేరే. ఆ ఏడే ఆయన శాన్ ఫ్రాన్సిస్కోకు మకాం మార్చి కుట్టుపని పర్యవేక్షణ చేపట్టాడు.

ఇక్కడ స్ట్రాస్ మోసం చేశాడని నేననడం లేదు. పెట్టుబడి పెట్టాడు, మాట నిలుపుకున్నాడు. సరుకుమీద అమ్మేవాడి పేరుండటం వ్యాపారధర్మం. కాని జనశ్రుతి అక్కడితో ఆగలేదు. దర్జీ కుట్టిన గుడారాలను కూడా తీసుకువెళ్ళి వర్తకుడి ఖాతాలో వేసింది! ఆ కల్పితకథలోని గుడారం గుడ్డ రీనో దుకాణం నుంచే వచ్చిందేమోనని నా అనుమానం.

1906 భూకంపానంతరం చెలరేగిన మంటలలో కంపెనీ దస్తావేజులు కాలిపోయాయి. దాని ప్రఖ్యాత పంట్లాముకు 501 అనే సంఖ్య ఎందుకు వచ్చిందో చెప్పే కాగితం కూడా మిగలలేదు. దర్జీ కథ మాత్రం మిగిలింది. ఎలాగంటారా? పేటెంటును ఉల్లంఘించారంటూ 1874లో నడిచిన ఒక దావాలో డేవిస్ సాక్ష్యం చెప్పాడు. ఆ స్త్రీ, ఆ మూడు డాలర్లు, బల్లమీది రివెట్లు మనకు తెలిసింది ఆ వాఙ్మూలం వల్లనే. కోర్టు వ్యవహారం లేకపోతే ఆయన కూడా పేరులేని దర్జీలలో కలిసిపోయి ఉండేవాడు.

1902లో స్ట్రాస్, 1908లో డేవిస్ కన్నుమూశారు. డేవిస్ కుమారుడు సైమన్ అదే కంపెనీ కార్ఖానాలో పనిచేశాడు. మనుమడు బెన్ 1935లో శ్రామికుల దుస్తుల కంపెనీ పెట్టి దానికి బెన్ డేవిస్ అని తన పేరే ఉంచాడు. తాతకు దక్కని చోటు, బట్టమీది ముక్కలో, మూడవ తరంలో ఆ ఇంటిపేరుకు దక్కింది.

మొన్న పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే మా నాన్నగారి చొక్కా ఒకటి బయటపడింది. కాలరు తిప్పి చూశాను. దుకాణం పేరు ఇంకా చదవడానికి వస్తోంది. ఆ దర్జీ అసలు పేరేమిటో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. మా ఇంట్లో అందరూ ఆయనను "దర్జీగారు" అనే పిలిచేవారు.

మీ ఊరి దర్జీ పేరు మీకు గుర్తున్నదా? ఉంటే ఎక్కడైనా వ్రాసిపెట్టండి.