సైన్స్ ఫిక్షన్ హాల్ ఆఫ్ ఫేమ్ (మొదటి సంపుటము)

సైన్స్ ఫిక్షన్ హాల్ ఆఫ్ ఫేమ్ మొదటి సంపుటము ఆంగ్ల భాషలో వెలువడిన వైజ్ఞానిక కల్పనా కథల సంకలనము. రాబర్ట్ సిల్వర్‌బర్గ్ సంపాదకత్వమున అమెరికాలోని డబుల్‌డే సంస్థ దీనిని 1970లో ప్రచురించినది. ఇందులో 26 కథలు కలవు. సాధారణముగా సంకలనములకు కథలను సంపాదకుడే తన అభిరుచిని బట్టి ఏరి కూర్చును. ఈ గ్రంథమునకు మాత్రము తోటి రచయితలు ఓట్లు వేసి అధిక భాగము కథలను ఎన్నుకొనిరి. సంపాదకుని కథ ఇందులో లేకపోవుట గమనింపదగినది.

నేపథ్యము

అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘము 1965లో ఏర్పడి, ఆ యేటి రచనలు మొదలుకొని నెబ్యులా పురస్కారములను ఇచ్చుట ప్రారంభించినది. అంతకు పూర్వపు కథలకు ఆ గౌరవము దక్కు అవకాశము లేకపోయినది. ఈ లోటును పూరించుటకై 1964 చివరి వరకు అచ్చయిన కథలపై సభ్యుల ఓట్లు సేకరించిరి. ఒక రచయితకు ఒకే కథ అను నియమము పెట్టిరి. దీనివలన ఆర్థర్ సి. క్లార్క్ వ్రాసిన "ది స్టార్"కు తగినన్ని ఓట్లు వచ్చినను, ఆయనదే "ది నైన్ బిలియన్ నేమ్స్ ఆఫ్ గాడ్" ముందు నిలుచుటచే, దానికి చోటు దక్కలేదు.

కథలు

అత్యధికముగా ఓట్లు పొందినది ఐజాక్ అసిమోవ్ కథ "నైట్‌ఫాల్" (1941). ఆరుగురు సూర్యులు గల ఒక గ్రహముపై రెండు వేల యేండ్లకు పైగా గడచిన పిమ్మట ఒకసారి మాత్రమే రాత్రి వచ్చును. చీకటి నెరుగని ప్రజలు నక్షత్రములను చూచి మతి చలించుట ఇందలి ఇతివృత్తము. రెండవ స్థానము స్టాన్లీ వైన్‌బామ్ రచించిన "ఎ మార్షియన్ ఒడిస్సీ"కి దక్కినది. ఇది 1934 నాటిది. మరుసటి యేడే రచయిత మరణించెను. మూడవది డేనియల్ కీస్ రచన "ఫ్లవర్స్ ఫర్ ఆల్జెర్నాన్" (1959).

టామ్ గాడ్విన్ వ్రాసిన "ది కోల్డ్ ఈక్వేషన్స్" (1954) నేటికిని వివాదాస్పదమే. మందులు తీసుకొనిపోవు చిన్న వ్యోమనౌకలో సరిగ్గా చాలినంత ఇంధనమే ఉండును. అన్నను చూడగోరి అందులో దాగిన బాలికను పైలట్ బయటకు పంపక తప్పదు. ఇది ప్రకృతి నియమమా, లేక మిగులు ఇంధనము ఉంచని మనుష్యుల తప్పిదమా అని విమర్శకులు ప్రశ్నించిరి. ప్రశ్న సమంజసమే గాని, కథ చదువునంత సేపు అది తోచదు.

కథలను ఓట్ల వరుసలో గాక కాలక్రమములో కూర్చుట మేలైన పని. పేరులో 1929 అని ఉన్నను తొలి కథలు 1934 నాటివి.

పరిమితులు

ఆంగ్లేతర భాషల కథ ఒక్కటియు ఇందులో లేదు. స్త్రీలలో స్వనామముతో కనబడునది "దట్ ఓన్లీ ఎ మదర్" (1948) రచయిత్రి జుడిత్ మెరిల్ మాత్రమే. సి. ఎల్. మూర్ భర్త హెన్రీ కట్నర్‌తో కలిసి లూయిస్ పాడ్జెట్ అను కలము పేరు చాటున ఉన్నది. కనుక దీనిని ప్రపంచ ఉత్తమ కథల పట్టికగా గాక, అమెరికా రచయితల సంఘము ఇచ్చిన తీర్పుగా చదువుట న్యాయము.

నిడివి గల కథలతో రెండవ సంపుటము బెన్ బోవా సంపాదకత్వమున 1973లో రెండు భాగములుగా వెలువడినది.